క్షిపణి రోజులకు తలకిందుల సలహాలు

పాకిస్తాన్‌తో పరిస్థితి వేడెక్కినప్పుడల్లా మన దగ్గర సలహాలకు కొదవుండదు. బలం పెంచుకో, రహస్యం దాచుకో, దెబ్బకు రెండు దెబ్బలు తీయి, తగ్గావంటే లోకువైపోతావు. వింటుంటే ఒంట్లో వేడి పుడుతుంది. కానీ గత ముప్పై, నలభై ఏళ్లలో ఈ రెండు దేశాల మధ్య జరిగినవన్నీ వరసపెట్టి చదివితే, సరిహద్దుకు అటూ ఇటూ జనాన్ని ఇప్పటిదాకా కాపాడింది సరిగ్గా వీటికి ఎదురు నడిచిన పనులేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ పనుల్నే ఇక్కడ సలహాలుగా రాస్తున్నాను. కొన్ని పిరికితనంలా వినిపిస్తాయి, కొన్ని అంతకన్నా చెడ్డగా. ఒక్కొక్కటీ నమ్మే చెబుతున్నాను.

మొదటి సలహా: విలువైన చోట్ల చిరునామాలు శత్రువుకు మీరే రాసివ్వండి.

ఏటా జనవరి 1న, మనం కొత్త క్యాలెండర్ గోడకు తగిలించుకునే పూట, ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకే సమయంలో ఒక పని జరుగుతుంది. అవతలి దేశపు దౌత్య కార్యాలయం చేతిలో విదేశాంగ శాఖ ఒక జాబితా పెడుతుంది. అందులో ఉండేవి తమ దేశంలోని అణు కేంద్రాలు, వాటి అక్షాంశ రేఖాంశాలు. 1988 డిసెంబర్ 31న, రాజీవ్ గాంధీ ఇస్లామాబాద్ వెళ్లి బేనజీర్ భుట్టోను కలిసినప్పుడు కుదిరిన ఒప్పందం ఇది. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదన్నది దాని సారం. 1991 జనవరిలో అమల్లోకి వచ్చింది. 1992లో జాబితాలు మార్చుకోవడం మొదలుపెట్టాక ఆ పని ఆగలేదు. కార్గిల్ యుద్ధం అయిన మరుసటి జనవరిలోనూ ఇచ్చిపుచ్చుకున్నారు. పార్లమెంటు మీద దాడి జరిగి మూడు వారాలైనా గడవని 2002 జనవరి 1నా, సరిహద్దు పొడవునా సైన్యాలు మోహరించి ఉండగానే, ఇచ్చిపుచ్చుకున్నారు.

ఉపగ్రహాలున్న ఈ కాలంలో ఆ చిరునామాలు ఎవరికి తెలియవని మీరు అడగవచ్చు. తెలుసు. జాబితాలు పూర్తిగా ఉన్నాయా అన్న అనుమానాలు కూడా ఇరువైపులా ఉన్నాయి. అయినా చేతికి చేయి అందించి ఇచ్చిన కాగితానికి ఒక బలం ఉంది. రేపు అక్కడ బాంబు పడితే, అది అణు కేంద్రమని మాకు తెలియదని తప్పించుకునే దారి ఆ కాగితంతో మూసుకుపోయింది. ఒప్పందం చెప్పే అణు కేంద్రాల్లో విద్యుత్ రియాక్టర్లతో పాటు అణు ఇంధనం తయారుచేసే కర్మాగారాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో మౌలాలి దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ చేసే పని అదే. దాని చుట్టూ ఈసీఐఎల్, నాచారం, మల్లాపూర్ కాలనీల్లో ఎన్ని వేల కుటుంబాలు కాపురముంటున్నాయో చూసినవాళ్లకు ఈ ఒప్పందం ఎవరి కోసమో వేరే చెప్పనక్కర్లేదు.

జనవరి 1నే ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల పేర్లు, జాలర్ల పేర్లు. 2008 నాటి ఒప్పందం ప్రకారం జూలై 1న మళ్లీ ఒకసారి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులకు దీని సంగతి బాగా తెలుసు. పొట్ట చేతపట్టుకుని గుజరాత్ వెళ్లి అక్కడి పడవల్లో పనిచేస్తున్న మనవాళ్లను 2018 నవంబర్‌లో పాకిస్తాన్ పట్టుకుపోయి కరాచీ జైల్లో పెట్టింది. వాళ్లు లోపలుండగానే పుల్వామా ఆత్మాహుతి దాడి, బాలాకోట్ మీద మన వైమానిక దాడి జరిగాయి. ఇక్కడ టీవీల్లో తొడలు కొడుతుంటే శ్రీకాకుళం తీరాన మత్స్యలేశంలో ఆడవాళ్లు కలెక్టరేట్ చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దాటి ఇవతలకొచ్చారు. ‘తండేల్’ సినిమా వచ్చాక ఈ కథ అందరికీ తెలిసింది గానీ, శత్రుత్వం నడినెత్తికెక్కిన ఏడాదిలో కూడా పేర్ల జాబితాలు ఆగకుండా నడిచాయన్న ముక్కకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు. 2025 మేలో రెండు దేశాల మధ్య క్షిపణులు ఎగిరాయి, జూలై 1న జాబితాలు మళ్లీ చేతులు మారాయి. ఇలాంటి పని ఏ తరగతి గుమస్తా చేసినా సరే, నా దృష్టిలో అది దేశ రక్షణే.

రెండో సలహా: అస్త్రం వదిలే ముందు అవతలివాడికి కబురు పెట్టండి.

మన అగ్ని క్షిపణుల పరీక్ష ఎక్కువగా ఒడిశా తీరాన, అబ్దుల్ కలాం దీవి మీద జరుగుతుంది. తక్కువ దూరం పోయే క్షిపణులకు అదే తీరంలోని చాందీపూర్ వేదిక. చాందీపూర్‌లో పరీక్ష ఉన్న రోజు బాలాసోర్ జిల్లా యంత్రాంగం చుట్టుపక్కల పల్లెల జనాన్ని తెల్లవారకముందే శిబిరాలకు తరలిస్తుంది, కూలి పోయినందుకు పరిహారం ఇస్తుంది, పని అయ్యాక ఇళ్లకు పంపిస్తుంది. జాలర్లను సముద్రంలోకి పోవద్దంటారు. విమానాలు ఆ దారిన రావద్దని నోటామ్ అనే హెచ్చరిక జారీ చేస్తారు. ఆ నోటామ్ మ్యాపు పట్టుకుని యుద్ధం వచ్చేస్తోందని అరిచే యూట్యూబ్ చానళ్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అది జనం ప్రాణాలు కాపాడటానికి ఇచ్చే నోటీసు. దాన్ని చూసి భయపడకండి, సంతోషించండి.

పాకిస్తాన్‌కు కూడా కబురు వెళ్తుంది. 2005 అక్టోబర్ 3న కుదిరిన ఒప్పందం ప్రకారం, భూమి మీంచి భూమి మీదకు వదిలే బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించాలంటే కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. ప్రయోగించే చోటు సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపు ఉండకూడదు, పడే చోటు 70 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. ఎందుకింత పట్టుదల అంటే, రాడార్ తెర మీద కదిలే చుక్కకు అది పరీక్షో, దాడో నుదుటిన రాసి ఉండదు. ఈ రెండు దేశాల మధ్య క్షిపణి ప్రయాణం కొన్ని నిమిషాలే. అమెరికా, సోవియట్ యూనియన్‌లకు ప్రచ్ఛన్న యుద్ధంలో ఖండాంతర క్షిపణికైతే అరగంట దాకా ఉండేది.

ఈ ఒప్పందంలో ఒక పెద్ద కన్నం ఉంది. క్రూయిజ్ క్షిపణులు దీని కిందకు రావు. ఒప్పందంలోని మాటలు ఖరారైన కొద్ది రోజులకే, 2005 ఆగస్టులో, పాకిస్తాన్ తన బాబర్ క్రూయిజ్ క్షిపణిని చెప్పకుండానే పరీక్షించింది. ఒప్పందం ప్రకారం అది తప్పు కూడా కాదు. మన బ్రహ్మోస్‌కూ అదే వెసులుబాటు. ఇరవై ఏళ్ల తర్వాత, 2025 మేలో రెండు దేశాలూ ఒకదాని మీద ఒకటి డ్రోన్లను విరివిగా వాడాయి, మన వైపు నుంచి క్రూయిజ్ క్షిపణులూ వెళ్లాయి. ఎక్కువగా వాడేదాన్నే ఒప్పందం బయట వదిలేశాం.

మూడో సలహా: అణ్వస్త్రాల లెక్క చూసి గుండె నిబ్బరం తెచ్చుకోకండి. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి అంచనాలో 2025 జనవరి నాటికి భారత్ దగ్గర 180 వార్‌హెడ్లు, పాకిస్తాన్ దగ్గర 170. పదేళ్ల కిందట అదే సంస్థ లెక్కలో పాకిస్తాన్‌కు ఓ పది ఎక్కువుండేవి. అప్పుడు మీరు భయంతో నిద్ర మానుకున్నారా? ఇప్పుడు ఆ పది మనవైపు వచ్చాయని ఏ ఊరు ఎంత భద్రమైంది? పాకిస్తాన్ షాహీన్-3 పరిధి 2,750 కిలోమీటర్లు అంటారు. మన అగ్ని-3 పరిధి 3,000కు పైనే. ఎవరి ఊరు ఎవరికి అందుతుందన్న ప్రశ్నకు ఎప్పుడో జవాబు వచ్చేసింది, కాబట్టి ఎర్ర వృత్తాలు గీసిన మ్యాపులు వాట్సాప్‌లో పంచడం మానేయండి. రక్షణ ఖర్చులోనూ అంతే. సిప్రి ప్రకారం 2024లో మనం 86 బిలియన్ డాలర్లు పెట్టాం, వాళ్లు 10 బిలియన్లు. ఎనిమిది రెట్లకు పైగా తేడా ఉన్నా 2025 మే వచ్చింది. మన మీద మామూలు ఆయుధాలతో నెగ్గలేమన్న భయంతోనే పాకిస్తాన్ అణ్వస్త్రాన్ని ముందు వాడబోమని మాటివ్వడానికి ఒప్పుకోవట్లేదు. త్రాసులో మన పళ్లెం బరువెక్కే కొద్దీ వాళ్ల వేలు మీటకు దగ్గరవుతుంది. బలం వద్దని నేననడం లేదు. కాంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌లో, భారత్ డైనమిక్స్‌లో పనిచేసినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు, ఆకాశ్ క్షిపణి వాళ్ల చేతుల మీదుగా వచ్చిందే, ఆ గర్వం నాకూ ఉంది. బలం లెక్క చూసి భద్రత లెక్క కట్టకండనే చెబుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి మింగుడుపడదు. శత్రువు సైన్యాధిపతి ఫోను చక్కగా పనిచేయాలని, అతని మాట అతని కింది అధికారులు తు.చ. తప్పకుండా వినాలని కోరుకోండి.

తలను ముందు కొట్టేస్తే మొండెం అదే పడిపోతుందని మనకు నూరిపోసేవాళ్లున్నారు. అణ్వస్త్రం ఉన్న దేశానికి ఇది వర్తించదు. 2025 మే 10 తెల్లవారుజామున రావల్పిండిలోని నూర్ ఖాన్ వైమానిక స్థావరం మీద మన దాడి జరిగింది. పాకిస్తాన్ సైనిక ప్రధాన కార్యాలయం ఉన్న ఊరది. వాళ్ల అణ్వస్త్రాల వ్యవహారం చూసే విభాగం కార్యాలయం కూడా ఆ దగ్గర్లోనే ఉంది. దాడికి సైనికంగా కారణాలు ఉండవచ్చు. నాకు మాత్రం ఆ వార్త విన్నప్పుడు మొదట కలిగింది భయం. అది దాడేనా, అణ్వస్త్రాల తాళాలు లాక్కోవడానికి మొదటి అడుగా అని అటువైపు కూర్చున్న అధికారికి ఆ నిమిషంలో ఎలా తెలుస్తుంది? పైనుంచి ఫోను తెగిపోతే నిర్ణయం కింది అధికారి నెత్తిన పడుతుంది. ముందువరస దళాల వెంట తిప్పడానికి చేసిన, 60-70 కిలోమీటర్ల దూరం పోయే నస్ర్ లాంటి క్షిపణులు వాళ్ల దగ్గరున్నాయి. అలాంటి బండి దగ్గర నిలబడ్డ యువ అధికారికి తన పైవాళ్లతో మాట కలవడం మనకు మేలు. పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో ఉందనే అణు కేంద్రాన్ని కొట్టామని ఆ రోజుల్లో సోషల్ మీడియా ఊగిపోయింది. కొట్టలేదని ఎయిర్ మార్షల్ ఏ.కె. భారతి విలేకరుల ముందు స్పష్టంగా చెప్పారు. మన సైన్యం ఒక పని చేయలేదని చెప్పినందుకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సింది.

అదే మే 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్తాన్ సైనిక చర్యల డైరెక్టర్ జనరల్ (డీజీఎంఓ) మన డీజీఎంఓకు ఫోన్ చేశారు. సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపుదామనుకున్నారు. రాత్రి మళ్లీ డ్రోన్లు వచ్చాయి, అయినా 12న మళ్లీ మాట్లాడుకున్నారు. ఆ ఫోను లైను కొత్తది కాదు. దశాబ్దాలుగా, చాలాకాలం ప్రతి మంగళవారం, ఏమీ లేకపోయినా ఏమీ లేదని చెప్పుకోవడానికి మోగిన లైను అది. బయటి నుంచి ఎన్ని దేశాలు ఒత్తిడి తెచ్చాయన్నది వేరే చర్చ. ఆపాలనుకున్న ఘడియలో ఎవరికి, ఏ నంబరుకు చేయాలో ఇద్దరికీ ముందే తెలిసి ఉండటమే నాకు ముఖ్యం. ఆ కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఆయన కుటుంబాన్ని ఆన్‌లైన్‌లో నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన తన ఖాతాకు తాళం వేసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరైనా అలాంటి పోస్టు పెట్టబోతుంటే చేయి పట్టుకుని ఆపండి.

ఐదో సలహా: గెలిచామని అవతలివాళ్లను చెప్పుకోనివ్వండి.

2019లో బాలాకోట్ తర్వాత రెండు దేశాలూ గెలిచాయి. 2025లోనూ అంతే. మనం విజయోత్సవ ర్యాలీలు తీశాం, వాళ్లు మే 16న కృతజ్ఞతా దినం జరుపుకుని తమ సైన్యాధిపతి ఆసిమ్ మునీర్‌ను ఫీల్డ్ మార్షల్ చేశారు. మనకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్ని విమానాలు కూలాయి, ఎవరివి, ఒప్పుకో, లేకపోతే నిరూపించు అని నెలల తరబడి నడిచింది. నా సలహా, వదిలేయండి. రావల్పిండిలోనైనా ఢిల్లీలోనైనా, ఓడిపోయానని తన ప్రజల ముందు ఒప్పుకోవాల్సి వచ్చిన నాయకుడు ఇంకో దెబ్బ వేయకుండా ఆగలేడు. అబద్ధమైనా సరే, అతని ఊళ్లో అతనికో విజయం మిగలాలి. మనలో ఎవరికైనా వాళ్ల గొప్పలు విని ఒళ్లు మండితే, పూంఛ్‌లో మే 7న పాకిస్తాన్ ఫిరంగి గుండ్లకు చనిపోయిన కవల పిల్లల్ని గుర్తు చేసుకోవాలి. నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో చనిపోయి, శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు శవమై తిరిగొచ్చిన అగ్నివీర్‌ను గుర్తు చేసుకోవాలి. వీళ్లను చంపింది పేపర్లలో బొమ్మలు వేసే క్షిపణి కాదు, తాతల కాలం నాటి ఫిరంగీ, తుపాకీ. ఒక్క రోజు ముందు ఆగి ఉంటే ఇంకెవరెవరు బతికేవారో లెక్క కట్టడానికి ఏ సంస్థా లేదు.

ఇక చేతకానితనం అని పేరుపడ్డ రెండు గుణాలు, ఆలస్యం చేయడం, తప్పు ఒప్పుకోవడం. వీటిని గౌరవించడం నేర్చుకుందాం.

2019 ఫిబ్రవరి 27 ఉదయం, నౌషెరా దగ్గర ఆకాశంలో విమానాలు తలపడుతున్న సమయంలో, శ్రీనగర్ పక్కన బుద్గామ్‌లో మన వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ కూలింది. అందులోని ఆరుగురూ, కింద ఉన్న ఒక పౌరుడూ చనిపోయారు. కొట్టింది మన క్షిపణే. శత్రువు వస్తున్నాడన్న ఒత్తిడిలో, తెర మీది చుక్క ఎవరిదో తేల్చుకోకుండానే వదిలేశారు. ఆ అక్టోబర్‌లో వైమానిక దళాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా అది మా పెద్ద తప్పు అని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఎన్నో ఏళ్ల శిక్షణ ఉన్న మనుషులు తమవాళ్లనే గుర్తుపట్టలేకపోయిన ఆ కొద్ది క్షణాల్ని తలచుకున్నాక, దేశం వెంటనే స్పందించాలని నేను ఏనాడూ అనలేను.

2022 మార్చి 9న ఇంకొకటి జరిగింది. సాధారణ నిర్వహణ పనుల్లో ఉండగా మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున ఎగిరిపోయింది. పాకిస్తాన్ చెప్పిన లెక్క ప్రకారం 40 వేల అడుగుల ఎత్తున, ధ్వనికి రెట్టింపుకు పైగా వేగంతో, వాళ్ల గగనతలంలో 124 కిలోమీటర్లు, 3 నిమిషాల 44 సెకన్లు ప్రయాణించి మియాన్ చన్నూ అనే ఊరి దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు. ఎవరూ చనిపోలేదు. దాదాపు ఆ నాలుగు నిమిషాలూ పాకిస్తాన్ రాడార్ల ముందు కూర్చున్నవాళ్లు ఊరుకున్నారు. అది దాడి కాకపోవచ్చనుకున్నారో, తేల్చుకునేలోపే పడిపోయిందో గానీ, తిరిగి ఏదీ మన మీదకు రాలేదు. మన ప్రభుత్వం రెండు రోజుల తర్వాత విచారం వ్యక్తం చేసింది, ఆగస్టులో ముగ్గురు అధికారుల్ని ఉద్యోగం నుంచి తొలగించింది. అవతలి దేశపు ఆలస్యం మనల్ని కాపాడింది, మన ఒప్పుకోలు దాన్ని అక్కడితో ముగించింది. ఆ రెండు రోజుల జాప్యమే నాకు నచ్చదు. ఫోను లైను ఉంది, నంబరు ఉంది, పొరపాటున వచ్చిందని ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. 1999లో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లినప్పుడు కుదిరిన అవగాహన పత్రంలో, అణ్వస్త్రాలకు సంబంధించి ఏ ప్రమాదం జరిగినా వెంటనే ఒకరికొకరు చెప్పుకోవాలని రాసుకున్నారు. ఆ మాట అణ్వస్త్రాల వరకే. దూసుకొచ్చే క్షిపణి ముక్కులో ఏముందో కింద ఉన్నవాడికి తెలియదు గనుక, ఆ మాటను అన్ని క్షిపణులకూ పెంచాలి.

ఇంట్లో చేయాల్సినవి కొన్ని. ఉద్రిక్తత ఉన్న రాత్రి టీవీ కట్టేసి పడుకోండి. 2025 మే 8 రాత్రి మేలుకుని చూసినవాళ్లకు కొన్ని చానళ్లు కరాచీ రేవు తగలబడిపోయిందని చూపించాయి. పొద్దున్నే లేచి చూసినవాళ్లకు రేవు రేవులాగే ఉంది. పడుకున్నవాళ్లకే నిజం ముందు తెలిసింది. రైల్లో వెళ్తున్న సైనిక వాహనాల వీడియో తీయకండి, తీసినా పంపకండి. మే 7న హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చేసినలాంటి మాక్ డ్రిల్ మీ పేటలో పెడితే సిగ్గుపడకుండా వెళ్లి పాల్గొనండి, ముసలివాళ్లను మెట్ల మీంచి ఎలా దించాలో నేర్చుకోండి. కరాచీ పేరున్న బేకరీ మీదకు రాయి విసరడానికి ఎవరైనా పిలిస్తే, దేశ విభజనలో సర్వం వదులుకుని సింధ్ నుంచి హైదరాబాద్ చేరిన ఒక హిందూ కుటుంబం 1953లో పెట్టుకున్న దుకాణమది అని చెప్పండి. ఏ కుటుంబానిదైనా రాయి వేయడం తప్పే అని కూడా చెప్పండి.

చివరిగా మీ ఎంపీతో ఒక పని ఉంది. 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణుల్ని, డ్రోన్లను చేర్చడానికి ప్రభుత్వం ఏమైనా ప్రయత్నం చేసిందా, బ్రహ్మోస్ ఘటన తర్వాత ప్రమాదం గురించి వెంటనే కబురు చేసే ఏర్పాటు ఏదైనా మారిందా అని లోక్‌సభలో అడగమని ఒక ఉత్తరం రాయండి. నక్షత్రం గుర్తు లేని ప్రశ్న అయినా చాలు. దానికి మంత్రి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు ఎవరైనా చదువుకునేలా సభ వెబ్‌సైట్‌లో ఉంటుంది.